సర్వర్ గదిలో హరితహారం

నెలకోసారి పెద్ద కంపెనీల మీటింగ్ హాల్లో తెర మీదికి ఒక పచ్చటి చక్రం వస్తుంది. "ప్యాచ్ కంప్లయన్స్ 98 శాతం సార్" అంటాడు తెచ్చినవాడు. సార్ తల పంకిస్తారు. మిగతా రెండు శాతం మాటేమిటని మూలన కూర్చున్న పెద్దమనిషి అడుగుతాడు. ఏదో ఒకటి అడగకపోతే ఆ కుర్చీకి మర్యాద కాదు మరి. "అవి ఆఫ్‌లైన్‌లో ఉన్నాయి సార్, ఫాలో అప్ చేస్తున్నాం." అంతే, తర్వాతి స్లైడు. ఈలోగా సమోసాలు వస్తాయి.

ఆ రెండు శాతంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ 98తోనే.

లెక్క కోసం ఒక కంపెనీని ఊహించుకుందాం. కొనుగోలు విభాగం కాగితాల ప్రకారం అక్కడ 10,000 కంప్యూటర్లున్నాయి. వాటిలో నిర్వహణ సాఫ్ట్‌వేర్ తాలూకు ఏజెంటు బతికుండి, ఈ మధ్య సర్వర్‌తో మాట్లాడినవి 8,600. అందులో ఈ నెల ప్యాచ్ గురించి అయిందనో కాలేదనో ఏదో ఒక కబురు పంపినవి 8,200. ఆ 8,200లో ప్యాచ్ పడినవి 8,036. ఇప్పుడు 8,036ను 8,200తో భాగించండి. సరిగ్గా 98 శాతం. అదే 8,036ను 10,000తో భాగిస్తే 80 చిల్లర. ఈ రెండో భాగహారం ఉన్న స్లైడు ఎవరి కంటా పడదు. రానివాళ్ళెవరో చేతులెత్తండిరా అని అడిగి, ఒక్క చెయ్యీ లేవలేదు గనక అందరూ వచ్చారని హాజరు పట్టీలో రాసుకున్న మాస్టారి లెక్క ఇది.

ఇందులో అబద్ధం లేకపోవడమే దీని గొప్పతనం. ఈ నిర్వహణ సాఫ్ట్‌వేర్లలో మైక్రోసాఫ్ట్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌నే తీసుకోండి. మన ఆఫీసుల్లో ఇప్పటికీ దాన్ని ఎస్‌సీసీఎం అనే పిలుస్తారు. ఏదైనా ప్యాచో ప్రోగ్రామో పంపితే అది ఫలితాన్ని గదులు చేసి చూపిస్తుంది: పూర్తయినవి, జరుగుతున్నవి, తప్పు చూపినవి, షరతులకు సరిపోనివి, ఇంకా 'అన్‌నోన్' అని ఒక గది. నాకు తెలియదు అని ఒప్పుకునే సాఫ్ట్‌వేర్లు లోకంలో తక్కువ. ఇది ఒప్పుకుంటుంది. ఒప్పుకోనిది స్లైడు తయారుచేసేవాడు. తెలియదన్న మాట పైవాళ్ళకు రుచించదని, జాబితాను ఎక్సెల్‌లోకి దించి ఆ గదికి ఫిల్టర్ పెట్టేస్తాడు. మిగిలిందంతా పచ్చదనమే.

ఆ తెలియని గదిలో కాపురముండేవి ఏవనుకున్నారు? ఉద్యోగం మానేసినవాడు ఇంకా తిరిగివ్వని ల్యాప్‌టాప్. గోడౌన్‌లో లేబుల్ ప్రింటర్‌కు తగిలించి, దుమ్ము కొట్టుకుపోయిన డబ్బా. రోజూ నెట్‌వర్క్‌లోనే ఉంటూ, తన ఏజెంటు ఎప్పుడో చచ్చిపోయిన సంగతి తనకే తెలియని ఫైనాన్స్ వారి డెస్క్‌టాప్. కంపెనీలోకి దూరాలనుకునే దొంగ 98 శాతం జోలికి రాడు. వాడికి కావాల్సింది ఈ గదే. మనం ఫిల్టర్ పెట్టి దాచిన జాబితా వాడు వెతికి పెట్టుకుంటాడు.

ఈ సరుకును అమ్మేవాళ్ళ పాట మరొకటి: సింగిల్ పేన్ ఆఫ్ గ్లాస్. ఒకే తెర ముందు కూర్చుంటే కంపెనీలోని కంప్యూటర్లన్నీ అరచేతిలో ఉంటాయట. 1994లో ఈ ఎస్‌సీసీఎం పేరు సిస్టమ్స్ మేనేజ్‌మెంట్ సర్వర్, పొట్టిగా ఎస్ఎంఎస్. వాడినవాళ్ళు ఆ మూడక్షరాలకు 'స్లో మూవింగ్ సాఫ్ట్‌వేర్' అని అర్థం చెప్పుకున్నారు. తర్వాత 2007లో సిస్టమ్ సెంటర్ కాన్ఫిగరేషన్ మేనేజర్ అయింది. 2019లో ఎండ్‌పాయింట్ కాన్ఫిగరేషన్ మేనేజర్ అన్నారు. ఆ ఎండ్‌పాయింటూ ఊడిపోయి ఇప్పుడు వట్టి మైక్రోసాఫ్ట్ కాన్ఫిగరేషన్ మేనేజర్. నామకరణం జరిగినప్పుడల్లా కొత్త శిక్షణ తరగతులు, కొత్త స్లైడులు. దాని ఏజెంటు వేసిన ఏ విండోస్ కంప్యూటర్‌లోనైనా సర్వీసుల జాబితా తెరిచి చూడండి, ఆ ఏజెంటు ఇంకా 'ఎస్ఎంఎస్ ఏజెంట్ హోస్ట్' పేరుతోనే పనిచేసుకుంటూ ఉంటుంది. దానికి ఈ పండగల సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

సరే, ఒకే తెర అన్నారు కదా, ఆ తెర తెరుద్దాం. ఎడమవైపు కలెక్షన్లు. ఏ కంప్యూటర్లకు ఏం పంపాలో నిర్ణయించేవి ఈ జాబితాలే, అంటే మొత్తం వ్యవహారానికి వెన్నెముక. ఏ కంపెనీలో చూసినా అక్కడ కనిపించే పేర్లు: టెస్ట్, టెస్ట్ 2, న్యూ టెస్ట్, న్యూ టెస్ట్ ఫైనల్, పైలట్ ఓల్డ్, డూ నాట్ డిలీట్. ఈ చివరిదాన్ని ఎవరు పెట్టారో, ఎందుకు తీయకూడదో తెలిసినవాడు బెంగళూరులో వేరే కంపెనీకి వెళ్ళిపోయి చాలాకాలమైంది. పక్కనే వివరణ రాసుకోవడానికి ఒక ఖాళీ గడి ఉంటుంది. ఖాళీగానే ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాడు "అన్నా, ఇది తీసేద్దామా?" అంటాడు. "నీకెందుకు తమ్ముడూ, అది మనం పెట్టింది కాదు" అంటాడు అన్న. ఇదీ మన వ్యవస్థీకరణ విధానం.

ప్రతి కలెక్షన్‌కూ 'ఇంక్రిమెంటల్ అప్‌డేట్' అని ఒక టిక్కు ఉంటుంది. పెడితే, కొత్తగా వచ్చిన కంప్యూటరు నిమిషాల్లో జాబితాలో చేరుతుంది. ఆ టిక్కు 200 కలెక్షన్లకు మించి పెట్టొద్దని మైక్రోసాఫ్ట్ వారే రాసిపెట్టారు, ఎందుకంటే ప్రతి కొద్ది నిమిషాలకూ సర్వర్ వాటన్నిటినీ లెక్క తేల్చుకోవాలి. మనవాళ్ళు ఉన్నవాటన్నిటికీ పెడతారు. "ఉండనీ అన్నా, ఫాస్ట్‌గా అవుతుంది." ఆ పైన సర్వర్ నడుము విరిగి అన్నీ నెమ్మదిస్తే, ర్యామ్ పెంచమని టికెట్.

ఈ జాబితాల గొడవ పైపై విషయమనుకునేవాళ్ళకు అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీ సంగతి చెప్పాలి. 2014 మేలో అక్కడ విండోస్ 7 వేసే పని ఒకటి, పొరపాటున, యూనివర్సిటీలోని విండోస్ యంత్రాలన్నిటికీ వెళ్ళిపోయింది. ఆ పనిలో మొదటి మెట్టు డిస్కును తుడిచేయడం. ల్యాప్‌టాప్‌లు పోయాయి, డెస్క్‌టాప్‌లు పోయాయి, సర్వర్లూ పోయాయి. ఆ ఆజ్ఞ పంపిన నిర్వహణ సర్వర్ కూడా తన ఆజ్ఞను తానే శిరసావహించి తుడిచిపెట్టుకుపోయింది. భస్మాసురుడికైనా నెత్తిన చెయ్యి పెట్టించడానికి మోహిని కావలసి వచ్చింది. ఇక్కడ మౌస్ చాలింది. ఒకే తెర మీద నుంచి అన్నీ అన్న హామీ అక్షరాలా నెరవేరిన సందర్భం అది. ఇప్పుడు డిస్కు తుడిచే పనులను పెద్ద జాబితాలకు పంపబోతే కాన్సోల్ అడ్డుపడుతుంది. ఆ హెచ్చరిక పెట్టె వచ్చినప్పుడు చదవకుండా 'ఓకే' నొక్కే వేలుకు మాత్రం ఇంకా ఏ ప్యాచూ రాలేదు.

పచ్చదనానికే మళ్ళీ వద్దాం, ఎందుకంటే అసలు చమత్కారం దాని లోపల ఉంది. ఒక ప్రోగ్రాము కంప్యూటర్‌లో ఉందా లేదా అన్నది ఎస్‌సీసీఎంకు దానంతట తెలియదు. అడ్మిన్ ఒక నియమం రాసిపెట్టాలి, డిటెక్షన్ మెథడ్ అంటారు: ఫలానా ఫైలు ఉంటే ఉన్నట్టు, ఫలానా వెర్షన్ అయితే సరైనట్టు. తొందరలో ఉన్న అడ్మిన్ ఏం రాస్తాడు? ప్రోగ్రామ్ ఫైల్స్ కింద ఆ పేరుతో ఫోల్డర్ ఉంటే చాలంటాడు. వాడేవాడు ప్రోగ్రామును ఎప్పుడో తీసేశాడు, ఖాళీ ఫోల్డర్ మిగిలింది. ఏజెంటు వెళ్ళి చూస్తుంది: ఫోల్డర్ ఉంది. కంప్లయంట్! ఆ కంప్యూటరూ ప్రోగ్రాము ఉన్నవాటి లెక్కలో చేరిపోతుంది. రిపోర్టులో పచ్చగా ఉన్నది ఖాళీ ఫోల్డర్.

దీనికి అద్దంలో ప్రతిబింబం కూడా ఉంది. ప్రోగ్రాము శుభ్రంగా పడింది, ఇన్‌స్టాలర్ సున్నా అని జవాబిచ్చి తప్పుకుంది, అంటే అంతా క్షేమం. నియమంలో మాత్రం పాత వెర్షన్ నంబరే ఉంది. ఏజెంటుకు ఎంత వెతికినా ఆ నంబరు కనబడదు. వెంటనే 0ఎక్స్87డీ00324 అని ఎర్రగా అరుస్తుంది. వేశాక చూస్తే కనబడలేదు అన్నది దాని తాత్పర్యం. ఇది యాప్ ఎన్‌ఫోర్స్ అనే లాగ్‌లో నాలుగు వరసల్లో రాసే ఉంటుంది. చదివితే రెండు నిమిషాల పని. చదవరు. మళ్ళీ పంపుతారు. మళ్ళీ పడుతుంది, మళ్ళీ కనబడదు. చివరికి విక్రేతకు ఘాటుగా మెయిలు వెళ్తుంది.

లాగ్ చదవడం మన వృత్తిలో నామోషీ అయిపోయింది. దానికి బదులు తీర్థప్రసాదాలున్నాయి: రీస్టార్ట్ చేశారా? ఏజెంటు తీసి మళ్ళీ వేశారా? అయినా కాలేదా, అయితే ఫార్మాట్ కొట్టేయండి. కొత్త కంప్యూటర్‌కు విండోస్ వేస్తుండగా పని మధ్యలో ఆగిపోయిందనుకోండి. ఏం జరిగిందో రాసే ఎస్ఎంఎస్‌టీఎస్ లాగ్ మొదట్లో ఎక్స్ డ్రైవ్‌లో ఉంటుంది. ఆ డ్రైవ్ ర్యామ్‌లో ఉండేది, కరెంటుతో పాటే పోతుంది. డిస్కు సిద్ధమయ్యాక ఆ లాగ్ సి డ్రైవ్‌లో ఒక తాత్కాలిక ఫోల్డర్‌కు మారుతుంది, అన్నీ అయ్యాక సీసీఎం ఫోల్డర్‌లో స్థిరపడుతుంది. బూట్ ఇమేజ్‌లో ముందే అనుమతి ఇచ్చి ఉంటే ఎఫ్8 నొక్కి ఆ లాగ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. హెల్ప్‌డెస్క్ తమ్ముడు ఫోన్లో ఇచ్చే మొదటి సలహా ఏమిటి? "సార్, ఒక్కసారి రీస్టార్ట్ చేసి చూడండి." సాక్ష్యం పోయింది, టికెట్ మూసేశారు. రూట్ కాజ్ గడిలో: రిజాల్వ్డ్ ఆఫ్టర్ రీస్టార్ట్.

మెయింటెనెన్స్ విండోల ముచ్చట పొడిగించను, ఒక్కటి చాలు. ప్యాచ్‌లూ ప్రోగ్రాములూ వేయడానికి రాత్రి ఒంటిగంట నుంచి రెండు దాకా ఒక గంట కేటాయిస్తారు. ప్రోగ్రాముకు గరిష్ఠంగా పట్టే సమయం అన్నచోట ముందుగా పెట్టివచ్చే 120 నిమిషాలను ఎవరూ ముట్టుకోరు. అరవై నిమిషాల్లో నూట ఇరవై పట్టదని ఏజెంటుకు తెలుసు గనక ఏ రాత్రీ మొదలుపెట్టదు. మొదలుపెడదామన్నా ఆ ల్యాప్‌టాప్ ఆ వేళకు మూత పడి, మియాపూర్‌లో ఏదో ఫ్లాట్‌లో బ్యాగులో నిద్రపోతుంటుంది. రిపోర్టులో మాత్రం 'ఇన్ ప్రోగ్రెస్' అని ఉంటుంది, నెలల తరబడి.

ఒకే చోటి నుంచి అందరికీ ఒకేసారి అన్న సిద్ధాంతానికి 2024 జూలై 19న ప్రపంచమంతా పరీక్ష జరిగింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ మన గడియారం ప్రకారం ఉదయం 9:39కి ఒక చిన్న ఫైలు పంపింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది. ఈలోగా మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెరతో కూలబడ్డాయి. కొత్తదాన్ని వెంటనే వద్దు, ఒక వెర్షన్ వెనకే ఉంటాం అని జాగ్రత్త పడిన కంపెనీలూ పడిపోయాయి, ఎందుకంటే ఆ జాగ్రత్త అప్పట్లో ఇలాంటి ఫైళ్ళకు వర్తించేది కాదట. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. మరమ్మతుకు ఆ ఒకే తెర పనికొచ్చిందా? నీలితెరతో నిలబడిన యంత్రం ఎవరి మాటా వినదు. చాలాచోట్ల మనిషే యంత్రం దగ్గరికి నడిచి వెళ్ళి, సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఫైలు తీసేయాల్సి వచ్చింది. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల తాళంచెవి టైపు చేయాలి. ఆ తాళంచెవులు దాచిన సర్వర్ కూడా నీలంగానే కూర్చున్న ఆఫీసులు ఉన్నాయి. అంతకుముందు నెల స్లైడులో వాళ్ళంతా పచ్చగానే ఉండి ఉంటారు.

ఇంత జరిగినా పచ్చచక్రం అడిగేవారి మోజు తగ్గలేదు. అడిగినదే తెచ్చిస్తున్న అడ్మిన్‌ను ఒక్కణ్ణే తిట్టి ప్రయోజనం లేదు. ఆర్డరిచ్చింది పైన. ఏడాది చివర రేటింగు ఆ శాతం మీదే కడితే, కింద ఎవడు మాత్రం పదివేలతో భాగిస్తాడు? ఆస్తుల జాబితా, జీతాల జాబితా, నెట్‌వర్క్‌లో ఐపీ తీసుకున్న యంత్రాల జాబితా, ఏజెంటు జాబితా పక్కపక్కన పెట్టి, దేన్లో ఉన్నది దేన్లో లేదో తేల్చే పనికి పచ్చరంగు రాదు. మొదటి నెల శాతం ఢామ్మని పడిపోతుంది. పడేసినవాడి మీద ఎస్కలేషన్ వస్తుంది. లెక్క సరిచేసినందుకు!

ఇప్పుడు కొత్త మాట వచ్చింది: ఇక లాగ్‌లూ రిపోర్టులూ చదవక్కర్లేదు, కోపైలట్ అనే ఏఐని మామూలు మాటల్లో అడిగితే అదే చూసి చెబుతుంది. మంచిదే, ఎవరో ఒకరు చదవాలి కదా. అయితే అది చదివేది కూడా ఏజెంటు పంపిన కబుర్లనే, మనం పెట్టిన పేర్లనే, మనం రాసిన నియమాలనే. రేపో మాపో ఒక మీటింగ్‌లో సార్ స్వయంగా దాన్నడుగుతారు, ఈ 'డూ నాట్ డిలీట్' ఏమిటి, తీసేయొచ్చా అని. అది వివరణ గడిలోకి తొంగిచూస్తుంది. తర్వాత ఎంతో మర్యాదగా, ఆ కలెక్షన్‌ను సృష్టించినవారిని సంప్రదించమని చెబుతుంది.