కారు నోరు మూయించే కళ

మనవాడు కారు కొంటే భద్రత విషయంలో రాజీ పడడు. ఎయిర్‌బ్యాగులెన్ని, స్టార్ రేటింగ్ ఎంత అని షోరూం కుర్రాణ్ణి గుచ్చి గుచ్చి అడుగుతాడు. గుడి ముందు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాడు. అక్కణ్ణుంచి తిన్నగా కార్ డెకార్ షాపుకెళ్లి, బెల్టు పెట్టుకోమని టింగుటింగుమనే ఆ కారు నోరు మూయించే బకిల్ కొంటాడు.

వేలెడంత ఇనప ముక్క అది. పైన కంపెనీ లోగో తళతళలాడుతుంటుంది. బెల్టు దూరాల్సిన సందులో దీన్ని దూరిస్తే చాలు, అయ్యగారు బెల్టు పెట్టుకున్నారని కారు నమ్మేస్తుంది. ఇంట్లోవాళ్లు ఆయన మాట ఒక్కటీ నమ్మరు గనక, నమ్మే ప్రాణి ఒకటి దొరికిందని ఆయనకీ సంతోషం.

చిక్కల్లా ఎయిర్‌బ్యాగుతోనే. బెల్టు మనిషిని వెనక్కి పట్టి ఉంచుతుందన్న లెక్క మీదే దాన్ని తయారు చేశారు. గుద్దుకోగానే రెప్పపాటు కన్నా ముందే అది పేలినట్టు విచ్చుకుంటుంది. బెల్టు లేనివాడు ఆగకుండా సగం దారిలో దానికి ఎదురెళతాడు. మర్యాద తెలిసిన మనిషి మరి!

ఇక వెనక సీటు. అది పెద్దమనుషుల సీటు, అక్కడ బెల్టేమిటి చోద్యం కాకపోతే! 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీట్లోనే ఉన్నారు, బెల్టు లేదు. వెనకున్న ఇద్దరూ పోయారు, ముందున్న ఇద్దరూ బతికారు. వెనకవాళ్లకీ బెల్టు తప్పనిసరన్న నిబంధన అప్పటికే ఉంది. ఆ మరుసటి ఏడు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ కొరడా ఝళిపించి, ఆన్‌లైన్ దుకాణాల నుంచి 13,118 బకిల్ ప్రకటనలు తీయించింది. మన సెంటర్లోని డెకార్ షాపుకి మాత్రం ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

అలాగని మనవాడు బెల్టు అసలు ముట్టడనుకుంటే పాపం. విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా కనపడగానే భుజం మీంచి లాగి, బిగించకుండా, చేత్తో పట్టుకు కూర్చుంటాడు. దాటగానే వదిలేస్తాడు. ముందు సీట్లో తాతగారి ఒళ్లో మనవడు. "గట్టిగా పట్టుకున్నాలేరా, నువ్వు పోనీ" అని భరోసా. యాభై కిలోమీటర్ల వేగంతో గోడకి గుద్దుకోవడమంటే మూడంతస్తుల మేడ మీంచి పడ్డట్టే. వంద దాటితే పన్నెండంతస్తుల పైమాటే. పసివాణ్ణి ఒళ్లో పెట్టుకుని మేడ దూకుతూ "గట్టిగా పట్టుకున్నాలే" అని ఏ తాతా అనడు గదా!

ఒకవేళ కెమెరాకి దొరికినా కంగారు లేదు. 2023 డిసెంబరులో తెలంగాణలో పెండింగ్ చలాన్ల మీద కార్లకి 60 శాతం తగ్గింపు ఇచ్చారు. ఆషాఢం రాకుండానే సేల్! బుద్ధిగా బెల్టు పెట్టుకున్నవాడికి మాత్రం పైసా తగ్గలేదు.

ముందూ వెనకా అందరి బెల్టులూ టక్కుమన్నాకే బండి తీయడానికి పట్టేది అయిదు సెకన్లు. ఆ శ్రమ తప్పించుకోవడానికి పార్కింగ్ కోసం బజారు రెండు చుట్లు తిరిగి, షాపువాడితో బేరమాడి, లోగో కుదిరిన బకిల్ వెతికి తెచ్చుకున్నవాణ్ణి ఎన్నైనా అనండి, బద్ధకస్తుడని మాత్రం అనకండి.