పదహారు కన్నాల పెట్టె

రావులపాలెంలో గెల ధర ఎవరినీ అడగక్కర్లేదు. కర్పూరం ఎంత పలికిందో, తెల్ల చక్కెరకేళి ఎందుకు పడిపోయిందో, ఒడిశా లారీ ఎక్కడ ఆగిందో టీ కొట్టు దగ్గర నిలబడితే వాళ్లే చెబుతారు. నెట్‌వర్క్ స్విచ్ ఏది కొనాలో చెప్పేవాళ్లే తక్కువ. ఆ తక్కువమందిలో నేనొకణ్ణని మా బావ నమ్మకం. కంప్యూటర్ల చదువు చదివిన పాపం ఊరికే పోతుందా!

బావది అరటి మండీ. కింద కొట్టు, వెనక షెడ్డు, మేడ మీద కాపురం. కాటా దగ్గర కంప్యూటరు, బిల్లు ప్రింటరు, షెడ్డులో నాలుగు కెమెరాలు, వాటికో రికార్డరు, పైన అక్క సీరియళ్ల టీవీ. రౌటరుకేమో ఒక్కటే కన్నం.

"ఒరేయ్, కన్నాలెక్కువున్న పెట్టె ఒకటి కొనేద్దాం" అన్నాడు బావ.

"ఎన్ని కావాలి బావా?"

"ఎన్నుంటే అన్ని. మిగిల్తే అన్నమడుగుతాయా?"

లెక్కేస్తే సరుకు ఎనిమిది. ఎనిమిది కన్నాలది కొంటే ఒకటి రౌటరుకే పోతుంది, అక్క సీరియల్ బయట నిలబడుతుంది. ఆ మాట పైకి తెలియనిచ్చే ధైర్యం ఇద్దరికీ లేదు. పదహారుకి ఖాయమైంది.

కారులో రాజమండ్రి వెళ్తూ, గౌతమి వంతెన మీద, పెట్టె కథ చెప్పాను. పూర్వం హబ్ అని ఉండేది. ఒకరికొచ్చిన కబురు అందరికీ అరిచేది. స్విచ్ అలాక్కాదు, ఏ రైతు గెల ఏ లారీకెక్కాలో గుమస్తాకి తెలిసినట్టు, ఏ తీగ చివర ఎవరున్నారో గుర్తుపెట్టుకుని వాళ్లకే అందిస్తుంది. 1990లో దీన్ని మొదట బజారుకి తెచ్చింది కల్పన అనే అమెరికా కంపెనీ. పెట్టినవాళ్లలో ఒకాయన మన దేశం నుంచి వెళ్లిన వినోద్ భరద్వాజ్. కల్పన ఆయన భార్య పేరు. 1994లో సిస్కో కొనేసుకుంది.

"భార్య పేరా! మీ అక్కకి చెప్పకు" అన్నాడు బావ. మండీ బోర్డు మీద వాళ్ల నాన్న పేరుంది మరి.

కొట్టాయన ముందు మేనేజ్డ్ స్విచ్ తీశాడు. "ఇదైతే ఎవరి దారి వాళ్లకి వేరు చేసుకోవచ్చండి." నిజమే. హోటలుకీ ఆసుపత్రికీ అది ఉండాల్సిందే, వచ్చేపోయేవాళ్ల ఫోన్లు బిల్లింగు వైపు తొంగిచూడకుండా. మా బావ మంచినీళ్లే మొహం చూసి ఇస్తాడు, వైఫై ఎవరికిస్తాడు? మామూలుది చాలన్నాను. వేగం వెయ్యి మెగాబిట్లది తీసుకోమన్నాను.

అసలు చూడాల్సింది కరెంటు. నెట్టు తీగలోనే కెమెరాకి కరెంటు కూడా వెళ్లే ఏర్పాటుకి 2003లో ప్రమాణం వచ్చింది, కన్నానికి 15.4 వాట్లు. ఎన్ని కన్నాలకి ఇస్తుంది, మొత్తం మీద ఎన్ని వాట్లు ఇస్తుంది అన్నది డబ్బా అడుగున చిన్నక్షరాల్లో ఉంటుంది. అది చదవకుండా కొంటే, రాత్రి కెమెరాలు లైట్లు వేసుకునే వేళకి ఒక్కోటి కునుకు తీస్తుంది. బావ అక్కడే, మెడ తిప్పే కెమెరా కావాలన్నాడు. పక్క మండీలో ఎంతకి పాడుతున్నారో చూడాలట. దాని ఆకలి వేరు, 30 వాట్ల రకం పెట్టె కావాలి అన్నాను. ధర విని ఆయనే మెడ తిప్పుకున్నాడు.

పెట్టె బిగించాక కొన్నాళ్లు హాయి. తీగలకి అరటి పసరు మరకలు పడ్డాయి. అవి పోయే రకం కాదు. ఓ రోజు శుభ్రం చేస్తున్న కుర్రాడికి, ఎప్పుడో తీసేసిన కెమెరా తీగ చివర వేలాడుతూ కనిపించింది. రెండో చివర పెట్టెలోనే ఉంది. వీడు ముచ్చటపడి దీన్నీ ఖాళీ కన్నంలో దూర్చాడు. కబురు ఒక కన్నంలోంచి వెళ్లి ఇంకో కన్నంలోంచి వచ్చి, మళ్లీ వెళ్లి, గిరగిరా తిరగడం మొదలెట్టింది. బిల్లు ఆగింది, కెమెరాలు ఆగాయి. పెట్టె మీది లైట్లు మాత్రం అన్నీ ఒక్కసారిగా తెగ మిణుకుమంటున్నాయి.

"చూడరా, ఎంత బాగా పనిచేత్తందో!" అని బావ ఫోను. వెనక నుంచి అక్క గొంతు వేరేలా వినిపిస్తోంది.

తీగ పీకించాను. ఖాళీ కన్నాలకి బావ ప్లాస్టరు అంటించాడు, ఒక్కదానికి తప్ప. పక్క మండీ ఆయన నెట్టు అడిగాడట.

"ఇచ్చేద్దాంరా, పాపం" అన్నాడు బావ. "కెమెరాలు కూడా మన రికార్డరుకే కలుపుకోమను. ఆయనకెందుకు ఖర్చు?"