నౌపడ బురదలో ఊదా బతుకు

శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మళ్లలో తెల్లటి గుట్టలను అందరూ చూస్తారు. ఆ మళ్ల పక్క కాలవ అడుగున ఉన్న నల్ల బురదను ఎవరు చూస్తారు? కుళ్లిన గుడ్ల కంపు రాగానే ముక్కు మూసుకుని పోతారు. ఆ కంపే నా కూడు. నేను ఊదా గంధక బ్యాక్టీరియాని. మా చుట్టం ఒకటి భీమిలిలో ఉప్పునీటి సాగు చెరువులో దొరికితే, 2007లో శాస్త్రవేత్తలు దానికి మారిక్రొమేషియం భీమ్లికం అని ఊరి పేరే పెట్టారు. నాకా భాగ్యం లేదు లెండి.

మొక్కలు నీటిని విడగొట్టి ఎలక్ట్రాన్లు తీసుకుంటాయి, ఆక్సిజన్ వదిలేస్తాయి. మేము హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచి ఎలక్ట్రాన్లు లాగి, మిగిలిన గంధకాన్ని గింజలుగా ఒంట్లో దాచుకుంటాం. పైనున్న నాచు ఎర్ర కాంతినీ నీలి కాంతినీ తాగేసినా, మీ కంటికి ఆనని 800-900 నానోమీటర్ల పరారుణ కాంతి మాకు మిగులుతుంది. మా జాతివాళ్లు ఆ కాంతి పడిన చోటికే గుంపుగా చేరడాన్ని ఎంగెల్మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1883లోనే గమనించాడు.

మమ్మల్ని ఒక పెట్టెలో కార్బన్ పలక పక్కన ఉంచి కరెంటు తీయొచ్చు. ఎండ పెరిగితే ఆ కరెంటూ పెరుగుతుందని మీరనుకుంటారు. అంత సులువు కాదు. వెలుతురు నా ఎలక్ట్రాన్‌ను ఏతంలా పైకెత్తుతుంది. అది దిగుతూ నాకు శక్తినిచ్చి, బయల్దేరిన చోటికే చేరుతుంది. బయటికి పోయేదేమీ లేదు. తిండి నుంచి కొత్త ఎలక్ట్రాన్లు వచ్చిపడి, లోపల చోటు చాలనప్పుడే పక్కనున్న కార్బన్ పలకకు కాస్త దక్కుతుంది. హైదరాబాద్ ఐఐసీటీ పరిశోధన సంస్థలో ఎస్. వెంకటమోహన్ బృందం మా వంటివాళ్లకు ఆక్సిజన్ తగలకుండా, వెలుతురుతో పాటు సేంద్రియ ఆహారం కూడా పెట్టి కరెంటు కొలిచింది. 2012లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మా సంగతి తెలిసినవాళ్ల పని అది.

అసలు గొడవ నాచుతోనే. అదే పెట్టెలోకి అది చేరిందా, ఎండెక్కేకొద్దీ ఆక్సిజన్ వదులుతుంది. పలకకు చేరాల్సిన ఎలక్ట్రాన్లను ఆ ఆక్సిజన్ తన్నుకుపోతుంది. అలాంటి పెట్టెలో దీపం ఆర్పాకే కరెంటు పెరిగినా ఆశ్చర్యం లేదు.

అయినా నాచులాగే ఆక్సిజన్ వదిలే నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియాను మెచ్చుకోక తప్పదు. 2022లో అచ్చయిన కేంబ్రిడ్జి ప్రయోగంలో అది పెన్సిల్ బ్యాటరీ అంత పెట్టెలో ఉండి, ఒక చిన్న మైక్రోప్రాసెసర్‌ను ఆరు నెలలకు పైగా నడిపించింది. చీకట్లోనూ ఆగలేదు, వెలుతురులో దాచుకున్న తిండిని అప్పుడు కరిగించుకుంటుందట. మేమూ చీకట్లో దాచుకున్న గ్లైకోజెన్ కరిగించుకుంటాం గానీ, ఆ ఎలక్ట్రాన్లను ఒంట్లోని గంధకానికే ఇచ్చి మళ్లీ హైడ్రోజన్ సల్ఫైడ్ చేసుకుంటాం. తెల్లారాక దాన్నే తింటాం. ఈ రాత్రి బేరంలో పలకకు వాటా లేదు.