నా ఎనిమిది పైసల గ్రాంటు

రాజా రామ్మోహన్ రాయ్ పేరున కలకత్తాలో ఒక ఫౌండేషన్ ఉంది. ఆయన పుట్టి రెండు వందల ఏళ్లయిన సందర్భంగా 1972లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. దేశంలోని గ్రంథాలయాలకు గ్రాంట్లివ్వడం దాని పని. అదే పని చేసే సంస్థ మరొకటి వికారాబాద్ జిల్లాలో ఉంది. దానికి ఆఫీసు లేదు, అటెండరు లేడు, బోర్డు లేదు. అది నేనే.

నవ్వకండి. మీ ఇంటి పన్ను రశీదు తీసి చూడండి. కింద ఎక్కడో, కళ్లజోడు పెట్టుకుంటే గాని కనబడని చోట, గ్రంథాలయ సెస్సు అని ఉంటుంది. పన్నులో రూపాయికి 8 పైసలు. ఇంటి పన్ను 3,200 అనుకుంటే గ్రంథాలయాలకు నేను మంజూరు చేసే మొత్తం 256 రూపాయలు. నన్నడిగి మంజూరు చేయించుకోరు, అది వేరే సంగతి. కేంద్రం మాత్రం జనాన్ని అడిగి ఇస్తోందా? మా ఇల్లు వికారాబాద్‌లోనా, తాండూరులోనా అన్నది చెప్పను. చెబితే రేపే టేపు పట్టుకుని కొలతలకొస్తారు, మేడ మీద వేసిన రేకుల గది సంగతి బయటపడుతుంది.

ఈ సెస్సుకు చరిత్ర తక్కువేం కాదు. 1948లో మద్రాసు వాళ్లు గ్రంథాలయ చట్టం తెచ్చారు, స్వతంత్ర దేశంలో అదే మొదటిది. 1955లో హైదరాబాద్ రాష్ట్రం తనదొకటి తెచ్చుకుంది. రెండు ప్రాంతాలూ కలిశాక 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది, జిల్లాకో గ్రంథాలయ సంస్థ వచ్చింది. రాష్ట్రం విడిపోయింది. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి నుంచి మా జిల్లా కూడా విడిపోయింది. ఇన్ని విడిపోయినా నన్ను విడవనిది ఆ సెస్సొక్కటే.

గ్రాంటిచ్చిన వాడికి ఒక మర్యాద దక్కాలి. దాని పేరు వినియోగ ధ్రువపత్రం. ఆఫీసుల్లో అంత పొడుగు పలకరు, యూసీ అంటారు. మీరిచ్చిన సొమ్ము దేనికోసం ఇచ్చారో దానికే ఖర్చు పెట్టాం అని సంతకం, ముద్ర. కలకత్తా వాళ్లకు అది అందాలి, అందకపోతే తర్వాతి గ్రాంటుకు చిక్కు. నాకు ఇంతవరకు ఒక్క యూసీ రాలేదు. పోనీ అని ఊరుకోవచ్చు. మా ఇంట్లో అదే సలహా. ‘ఆ ఎనిమిది పైసల మీదున్న పట్టు కూరగాయల సంచి మీద ఉంటే బాగుండు’ అంది మా ఆవిడ. కాని సంస్థ అన్నాక బాధ్యతలుంటాయి. నా గ్రాంటును నేనే మూల్యాంకనం చేద్దామని బయల్దేరాను.

మొదటిసారి వెళ్లింది శుక్రవారం. గ్రంథాలయాలకు శుక్రవారం సెలవన్నది ఊళ్లో అందరికీ తెలుసు, దాతకు తప్ప.

మళ్లీ వెళ్లినప్పుడు తలుపు దగ్గరే ఒక రిజిస్టరు. పేరు, ఊరు, సంతకం. తనిఖీకి వచ్చానని చెప్పుకోవడానికి మొహమాటపడి సంతకం పెట్టాను. పెట్టాక తట్టింది, ఆ రోజు పాఠకుల సంఖ్య నా వల్ల ఒకటి పెరిగింది. పైన ఒక పెద్దమనిషి పేరు రెండుసార్లు ఉంది. పొద్దున పేపరు చూసుకుని భోజనానికి వెళ్లి, సాయంత్రం మిగతా పేజీల కోసం వచ్చాడట. లెక్కలో ఇద్దరు. ఆయన కింద ఒకే చేతిరాతతో నలుగురు స్నేహితులు. నెలాఖరున ఇదంతా కూడి పైకి పంపుతారు, పైవాళ్లు ఇంకా పైకి పంపుతారు. ఎక్కడో ఒక బల్ల మీద ఆ అంకె చూసి, ఫరవాలేదు, చదువుతున్నారు అనుకుంటారు.

లోపల ఒక బీరువాలో ఫౌండేషన్ వారి ముద్ర ఉన్న పుస్తకం తీశాను. అట్ట మెరుస్తోంది. లోపల ప్రవేశ సంఖ్య ఎర్ర సిరాతో పద్ధతిగా వేశారు. వెనక అట్ట లోపలివైపు తిరిగి ఇవ్వాల్సిన తేదీలు కొట్టే చీటీ అంటించారు. చీటీ మల్లెపువ్వులా ఉంది. ఒక్క ముద్ర కూడా లేదు. మధ్యలో రెండు పేజీల అంచులు కత్తిరింపు పడక అతుక్కునే ఉన్నాయి. బైండింగు చేసినవాడి చెయ్యి తర్వాత ఆ పేజీల మీద పడ్డ మనిషి చెయ్యి నాదే. పక్కన అదే పుస్తకం ఇంకో రెండు ప్రతులు, తోడుగా.

‘గిదేంది?’ అని అడిగాను.

‘పుస్తకాలొచ్చినయ్ సార్, యూసీ గూడ పోయింది’ అన్నాడు అక్కడి ఉద్యోగి, ఏ దాపరికమూ లేకుండా.

ఆయన తప్పేముంది? కాగితం అడిగిందేమిటి, సొమ్ము ఖర్చయిందా అని. ఖర్చయింది. పుస్తకం ఎవరైనా ఇంటికి పట్టుకెళ్లారా అని కాగితం అడగలేదు, ఆయన చెప్పలేదు. తాండూరు యార్డులో కందులు కొనేవాళ్లను చూడండి. సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు తీస్తారు, మిషన్లో పోస్తారు, తేమ 12 శాతం దాటితే సర్కారు కేంద్రంలో బస్తా పక్కకు పెట్టేస్తారు. ఆరబెట్టుకుని రమ్మంటారు. రైతు ఎంత మొత్తుకున్నా వినరు. 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన కందికే ఆ మర్యాద. అంత పేరున్న గింజను అంత అనుమానంగా చూసేవాళ్లం, పుస్తకాన్ని మాత్రం తూకం చూసి దించుకుంటున్నాం.

ఇంతలో ఒక విచిత్రం గమనించాను. బీరువాల వైపు పురుగు కూడా లేదు గాని, కుర్చీ ఒక్కటీ ఖాళీ లేదు. అందరూ పాతికేళ్ల లోపు పిల్లలు. గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ. పుస్తకాలు తమవే, సంచుల్లో తెచ్చుకున్నారు. టిఫిన్ డబ్బాలు, నీళ్ల సీసాలు తమవే. ఒకడు కుర్చీ మీద వేసుకునే మెత్త కూడా ఇంటినుంచి మోసుకొచ్చాడు. గ్రంథాలయం వాళ్లకిచ్చింది నాలుగు గోడలు, ఒక ఫ్యాను, ఇంట్లో దొరకని నిశ్శబ్దం. ఫ్యాను కింది చోటు కోసం తలుపు తీయకముందే వచ్చి నిలబడతారట.

పక్కనున్న అమ్మాయిని అడిగాను, ‘ఏం కావాలమ్మా నీకు ఇక్కడ?’ అని.

‘ప్లగ్గు పాయింట్ ఇంకోటి పెట్టియ్యున్రి అంకుల్. ఆడోళ్ల బాత్రూంల నల్లా వస్తలేదు’ అంది. నన్ను ఎవరో ఆఫీసరనుకుంది. నేను కాదనలేదు, గ్రాంటిచ్చేవాణ్నే కదా.

నా మూల్యాంకనం ఇక్కడే తలకిందులైంది. పుస్తకాలు ఇళ్లకు ఎన్ని పోయాయి అని చూస్తే ఈ గ్రంథాలయం దండగ. కుర్చీలు చూస్తే ఊళ్లో ఇంత పనికొచ్చే ప్రభుత్వ గది ఇంకొకటి లేదు. ఇక్కడ కూర్చుని చదివిన వాళ్లలో ఎవరెవరికి ఉద్యోగాలొచ్చాయో ఆ ఉద్యోగికి నోటికొచ్చు. పేర్లతో, పోస్టింగులతో సహా చెప్పాడు. ఆ సంగతి రాయడానికి ఏ నివేదికలోనూ గడి లేదు. ఖాళీగా ఉన్న తేదీల చీటీకి మాత్రం బీరువా, తాళం ఉన్నాయి.

ఇలా కొలవాలన్న బుద్ధి సర్కారుకు పుట్టలేదని అనను. జాతీయ గ్రంథాలయ మిషన్ అని 2014 ఫిబ్రవరిలో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ చేతుల మీదుగా మొదలైంది. దేశంలోని గ్రంథాలయాల సంఖ్యా, నాణ్యతా రెండూ సర్వే చేయడం అందులో ఒక భాగం. ఆ నాణ్యత సర్వే వాళ్లు మా ఇంటి తలుపు ఎప్పుడు తడతారా అని చూస్తున్నాను. చందాదారుణ్ని నన్నడక్కుండా నాణ్యత ఎలా తేలుతుంది?

అమెరికాలో ఉన్న మా అల్లుడికి ఫోన్లో ఇదంతా వినిపించాను. అక్కడ కేంద్రం ఇచ్చే గ్రంథాలయ సొమ్ముకు ప్రతి రాష్ట్రమూ ఐదేళ్ల ప్రణాళిక రాసివ్వాలట, ఐదేళ్లకోసారి మూల్యాంకనం చేయించి పంపాలట. వినగానే ప్రాణం లేచొచ్చింది. అంతలోనే చెప్పాడు, ఆ సొమ్మిచ్చే సంస్థనే చట్టం ఒప్పుకున్నంత మేరకు కుదించేయమని 2025 మార్చిలో అధ్యక్షుడు ఉత్తర్వు వేశాడని, గొడవ కోర్టుకెక్కిందని. అంటే నివేదికలు బీరువాలో పెట్టే అలవాటు మనకొక్కళ్లకే కాదు.

అన్నిటికన్నా ముందు జరగాల్సిన లెక్క ఇంకొకటుంది. సెస్సు వసూలు చేసేది మున్సిపాలిటీలు, పంచాయతీలు. చేసి, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కట్టాలి. ఆ జమ కట్టడం దగ్గర రాష్ట్రమంతటా బకాయిలే. హైదరాబాద్ నగరం బాకీ గురించి పేపర్లు ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నాయి. నేను ఇల్లు కట్టుకున్న పాపానికి గడువు దాటితే వడ్డీ వేస్తారు. నా సొమ్మును తమ దగ్గర అట్టే పెట్టుకున్న వాళ్లకు వడ్డీ వేసేదెవరు? కలకత్తా ఫౌండేషన్ పద్ధతి ఇంకా బాగుంది. రాష్ట్రం తన వాటా పెడితే దానికి జోడుగా తన వాటా పెడుతుంది. మ్యాచింగ్ గ్రాంటంటే అది. ఆమె వాటా రాలేదని ఈయన, ఈయన వాటా రాలేదని ఆమె చూసుకుంటూ కూర్చునే సంసారాలు మనకు తెలియనివా?

1901లో హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు గారింట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైనప్పుడు ఈ బాధ లేదు. సెస్సు లేదు, గ్రాంటు లేదు, యూసీ లేదు. సొమ్ము పెట్టినవాడు ఆ గదిలోనే కూర్చునేవాడు, ఎవరు ఏం చదువుతున్నారో కళ్లారా చూసేవాడు. ఇప్పుడు ఇచ్చేవాడొక చోట, కొనేవాడొక చోట, చదివేవాడు ప్లగ్గు కోసం వెతుక్కుంటూ ఇంకో చోట.

అందుకని నా వంతు గట్టి నిర్ణయం తీసుకున్నాను. ఈ ఏడాది గ్రాంటు షరతులతో విడుదల చేస్తాను. మొదటిది, మూడు ప్రతులు కొనే ముందు ఒక్క పాఠకుణ్నైనా అడగాలి. రెండోది, ఉద్యోగాలొచ్చిన పిల్లల లెక్క రాయడానికి నివేదికలో ఒక గడి పెట్టాలి. మూడోది, ప్లగ్గు, నల్లా. నాలుగోది, వసూలైన సెస్సులో ఎంత జమ అయిందో వచ్చే ఏడాది పన్ను నోటీసు వెనక అచ్చు వేయాలి. ఈ నాలుగూ ఒప్పుకునే దాకా 256 రూపాయలు నిలుపుదల. సోమవారం ప్రజావాణిలో ఇవ్వడానికి అర్జీ కూడా రాసుకున్నాను, రెండు కార్బన్ కాపీలతో.

మా ఆవిడ చదివి, కేలండరు వైపు చూసింది.

‘ఏప్రిల్ ముప్పై దాటితే ఐదు శాతం తగ్గింపు పోతది. నూటరవై రూపాయలు. పోయి కట్టిరాండ్రి’ అంది.

ఆర్థిక శాఖ అభ్యంతరం తెలిపాక ఏ సంస్థైనా ఏం చేస్తుంది? ఇరవై తొమ్మిదో తారీఖున, కిటికీ మూసే పది నిమిషాల ముందు, షరతులు లేకుండా మొత్తం విడుదల చేశాను. అర్జీ వచ్చే ఏడాది దస్త్రంలో ఉంది.