బడి కట్టండి, చెట్టు కొట్టండి

స్థలం రిజిస్ట్రేషన్ అయిందంటే స్కూలు సగం పూర్తయినట్టే. కరస్పాండెంటు గారూ, మిగతా సగానికి జేసీబీని పిలవండి. స్థలంలో వేపచెట్టో కానుగచెట్టో ఉంటే ముందు దాని సంగతి చూడాలి. మా తాత నాటిన చెట్టు అంటూ పక్కింటి పెద్దాయన అడ్డుపడతాడు. ఆయనకు ఓపిగ్గా నచ్చజెప్పండి. చెట్టుంటే ఆకులు రాలతాయి. రాలిన ఆకులు ఊడ్చడానికి ఆయాకు జీతం ఇవ్వాలి. పైగా పిల్లలు ఎక్కాలు వదిలేసి ఉడుత ఎటు పోయిందో చూస్తారు. చెట్టు కొట్టేసిన చోట కాంక్రీటు పోసి, వనమహోత్సవం నాడు ఎమ్మెల్యే గారి చేత కుండీలో మొక్క పెట్టించండి. ఏటా కుండీ అదే ఉంటుంది, మొక్క మారుతుంది.

ఇక్కడే కొందరు చదువుకున్నవాళ్లు మిమ్మల్ని పక్కదారి పట్టిస్తారు, జాగ్రత్త. టోక్యో దగ్గర తచికావాలో 2007లో కట్టిన ఫుజి కిండర్‌గార్టెన్ ఫొటోలు ఫోన్లో చూపిస్తారు. తెజుకా అనే ఆర్కిటెక్టు దంపతులు దాన్ని కోడిగుడ్డు ఆకారంలో కట్టారు. స్థలంలో ఉన్న మూడు జెల్కోవా మహావృక్షాలను కొట్టకుండా కప్పుకే కంతలు పెట్టి పైకి పోనిచ్చారు. ఆ కప్పు మీద పిల్లలు చుట్లు చుట్లుగా పరుగెడుతుంటారు. కింద తరగతుల మధ్య గోడలు లేవు. తేలికపాటి చెక్కపెట్టెలు అటూ ఇటూ జరుపుకొని ఈ పూటకు ఇది క్లాసు అనుకుంటారు. వినడానికి ముచ్చటగానే ఉంది. కానీ గోడ లేకపోతే మామూలు సెక్షనుకూ టెక్నో సెక్షనుకూ తేడా ఎలా తెలుస్తుంది? పక్క సెక్షన్లోనూ అదే పాఠం చెబుతున్నారని పిల్లలకు వినబడిపోతే ఎక్కువ ఫీజు కట్టిన తండ్రికి మీరేం సమాధానం చెబుతారు? కాబట్టి గోడ తొమ్మిదంగుళాలు ఉండాల్సిందే.

తర్వాత ఎండ. తెలుగు నేల మీద ఏడాదికి రెండుసార్లు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అంటే వేసవిలో దెబ్బంతా కప్పుకు, సాయంత్రమైతే పడమటి గోడకు. పాత మేస్త్రీలకు ఈ విషయం తెలుసు కనుకే గదుల పొడవును తూర్పు పడమరలుగా సాగదీసి, ఉత్తర దక్షిణాలకు కిటికీలు తెరిచి, ముందు వసారా దించేవాళ్లు. మీకు అవన్నీ ఎందుకు? మీ రోడ్డు పడమర వైపు ఉంది, అడ్మిషన్లు రోడ్డు మీంచి వస్తాయి. కాబట్టి పడమటి ముఖం మొత్తం నీలం అద్దం పెట్టించండి. వసారా తీసేయండి, అక్కడ ఇంకో క్లాసు వస్తుంది. సజ్జాలు కూడా వద్దు, అవి ఉంటే స్కూలు పేరు రాసిన బోర్డు సరిగ్గా కనబడదు. ఎండను లోపలికి రానిచ్చి వేడిని బయటకు పోనివ్వకపోవడం అద్దానికి ఉన్న గుణం. చలిదేశాల్లో ఈ గుణాన్ని టమాటాలు పెంచడానికి వాడుకుంటారు, మనం ఆరో తరగతికి వాడుకుందాం.

కప్పు విషయంలో మీకు ఆఫ్రికా ఉదాహరణ ఒకటి తప్పకుండా చెబుతారు. బుర్కినా ఫాసోలో గాండో అని ఒక పల్లె. ఎండలు మండిపోయే నేల. ఆ ఊళ్లో బడి లేక ఏడేళ్లకే ఇల్లు వదిలి వెళ్లిన ఫ్రాన్సిస్ కేరె అనే కుర్రాడు జర్మనీలో వడ్రంగం నేర్చుకుని, తర్వాత బెర్లిన్లో ఆర్కిటెక్చర్ చదువుతూనే డబ్బు పోగుచేసి తన ఊరికి బడి కట్టించాడు. 2001లో పూర్తయింది. ఊరి మట్టిలో కాస్త సిమెంటు కలిపి ఇటుకలు చేశారు, ఊరివాళ్లే మోశారు, ఆడవాళ్లే నేలను దిమ్మిస కొట్టారు. అసలు తెలివంతా కప్పులో ఉంది. గది మీద కంతలున్న మట్టి ఇటుకల సీలింగు, దానికి చాలా ఎత్తులో, ఇనుప చువ్వల మీద నిలబెట్టిన రేకు. ఎండ రేకును కాలుస్తుంది, ఆ వేడిని మధ్యలో వీచే గాలి లాక్కుపోతుంది, గదిలో వేడెక్కిన గాలి కంతల్లోంచి పైకి లేచి దానితోపాటే వెళ్లిపోతుంది. కరెంటు బిల్లు లేదు. 2022లో ఆర్కిటెక్చర్‌లో అన్నిటికన్నా పెద్దదనుకునే ప్రిట్జ్‌కర్ బహుమతి కేరెకు ఇచ్చారు, ఆఫ్రికా నుంచి ఆయనే మొదటివాడు. ఇదంతా విని మీ మనసు కరగకూడదు. వేడి దానంతట అదే పోతే మీరు ‘ఏసీ క్యాంపస్’ అని ఫ్లెక్సీ ఎలా వేస్తారు? ఏసీ చార్జీలని రసీదులో వేరే గడి ఎలా పెడతారు? తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం కూడా తెచ్చింది. కప్పుకు తెల్లటి పూత పూస్తే చాలు, వేడి తగ్గుతుంది. అంత చవకైన ఉపాయాన్ని తల్లిదండ్రులు గౌరవించరు. మీరు స్లాబు మీద నల్లటి నీళ్ల ట్యాంకులు పెట్టించండి, మధ్యాహ్నం చేతులు కడుక్కోవడానికి వేణ్నీళ్లు ఉచితం.

సామాను సంగతి త్వరగా తేల్చేద్దాం. దగ్గర్లో దొరికేది ఏదీ వాడొద్దు. తాండూరు బండ, బేతంచెర్ల బండ కాలికి చల్లగా ఉంటాయి, అరిగినకొద్దీ నునుపెక్కుతాయి, అందుకే వాటిని చూస్తే జనానికి చిన్నచూపు. వెయ్యి కిలోమీటర్ల పైన ఉన్న గుజరాత్ మోర్బీ నుంచి టైల్స్ తెప్పించండి. తడి కాళ్లతో పిల్లలు జారిపడితే ‘పరిగెత్తరాదు’ అని బోర్డు పెట్టండి. తిరువనంతపురంలో లారీ బేకర్ కట్టిన అభివృద్ధి అధ్యయన కేంద్రాన్ని చూసొచ్చి ఇటుకల మధ్య సందులు వదిలే జాలీ గోడల గురించి ఎవరైనా చెబితే, అవును సార్, దుమ్ము వస్తుంది అనండి. నిజంగానే వస్తుంది. గాలి, వెలుతురు కూడా వస్తాయన్న మాట మీరు ఎత్తకుండా ఉంటే చాలు.

బల్లల్ని నేలకు బోల్టులతో బిగించడం మరిచిపోవద్దు. కదిలే బల్ల చాలా ప్రమాదకరమైన వస్తువు. ఇవాళ గుండ్రంగా జరుపుతారు, రేపు చర్చ అంటారు, ఎల్లుండి నాటకం వేస్తామంటారు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో నడిపే చిన్న బడుల్లో వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో గుంపులుగా కూర్చుని, ఎవరి కార్డులు వాళ్లు తీసుకుని, ఎవరి వేగంతో వాళ్లు చదువుకుంటారు. టీచరు గుంపు గుంపుకూ తిరుగుతుంది. అలాంటి గదికి ముందూ వెనకా ఉండవు. ముందు వరస లేని గదిలో ర్యాంకరును ఎక్కడ కూర్చోబెడతారు చెప్పండి. నిజానికి ఒకే పంతులు అయిదు తరగతులు చూసుకునే సర్కారు బడులు మన దగ్గర బోలెడు. గది వాళ్లకు కలిసొచ్చేలా కడితే ఆ పంతులుకు కాస్త ఊపిరాడుతుంది. కానీ అది మీ సమస్య కాదు, టెండరులో ఆ గడి లేదు.

మెట్ల దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి ఆగుతోంది. ఒకటే మెట్ల వరస, వరండాకు నిలువునా గ్రిల్లు, గ్రిల్లుకు తాళం అని రాయాల్సింది. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో ఒక బడి వంటగది నిప్పు తాటాకు కప్పుకు అంటుకుంటే, ఇరుకు మెట్ల మీంచి దిగలేక 94 మంది పిల్లలు చనిపోయారు. ఇక్కడ వెటకారం కుదరదు. రెండు వైపులా మెట్లు పెట్టండి, తలుపులు బయటికి తెరుచుకోవాలి, వంటశాల దూరంగా ఉండాలి. ప్రకృతితో కలిసిపోవడమంటే తాటాకు కప్పడం కాదు.

మళ్లీ మన దారికొద్దాం. ఇక మిగిలింది ఊరు. ప్రహరీ పదడుగులు కట్టండి, పైన గాజుపెంకులు గుచ్చండి. విద్యాహక్కు చట్టం ప్రహరీ గానీ కంచె గానీ ఉండాలన్నది. గాజుపెంకులు మన సొంత వితరణ. గోడ బయట అరుగు మాత్రం పెట్టించకండి. అరుగుంటే ముసలివాళ్లు కూర్చుంటారు. ముసలివాళ్లు కూర్చుంటే కథలు చెబుతారు. ఒకప్పుడు తెలుగు నాట వీధిబడులు నడిచింది అరుగుల మీదే. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతుంటే దారిన పోయే ప్రతివాడూ తప్పులు దిద్దేవాడు. ఊరంతా ఇన్‌స్పెక్టర్లే అయితే ఎలా? సాయంత్రం నాలుగున్నరకు గేటుకు తాళం పడాలి. గ్రామసభకు ఇవ్వొద్దు, గ్రంథాలయానికి గది ఇవ్వొద్దు, ఆదివారం ఊరి పిల్లలు గ్రౌండులో కబడ్డీ ఆడతామంటే అస్సలు ఇవ్వొద్దు. ఎన్నికల పోలింగుకు మాత్రం కలెక్టరు గారు అడగరు, తీసుకుంటారు. అప్పుడు మీ బోల్టు బల్లల మధ్య క్యూ ఎలా సాగుతుందో చూడాలని నాకూ కుతూహలమే.

బడి ఊరికి అక్కరకొచ్చిన చోట్లూ లేకపోలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. వేలమంది పోయారు. ఆ తర్వాత తీరం వెంట స్తంభాల మీద తుఫాను షెల్టర్లు లేచాయి, పలుచోట్ల మామూలు రోజుల్లో వాటిలోనే బడి నడిపారు. ఒకే కట్టడం, పొద్దున పలకాబలపం, తుఫానొస్తే ఊరికి ప్రాణం. ఒక గదిని రెండు పనులకు వాడుకోవచ్చన్న ఆలోచన చదువుకున్న ఇంజినీర్లకు కొత్త కావచ్చు, ఆ ఊళ్లవాళ్లకు కొత్త కాదు. మీ స్కూలు సముద్రానికి దూరంగా ఉంది కనుక మీకు ఈ బెంగ లేదు. వరదలు, వడగాలులు మీ గేటు దగ్గర అనుమతి తీసుకునే వస్తాయి.

ఇంత చెప్పాక కూడా ఎవరైనా ఆర్కిటెక్టు పిల్లలతో మాట్లాడతాను, టీచర్లతో మాట్లాడతాను, ఏడాదిపాటు ఎండ ఎటు పడుతుందో చూస్తాను అంటే అతణ్ణి వెంటనే మార్చేయండి. నాకు ఫోన్ చేయండి. ప్లాను మూడు రోజుల్లో ఇస్తాను. ఆదిలాబాదుకైనా, అమలాపురానికైనా నా దగ్గర అదే ప్లాను. నా ఫీజు కట్టిన ప్రతి చదరపు అడుగుకూ లెక్క, జీఎస్టీ అదనం. ఆటస్థలానికి, వసారాకు, ఖాళీగా వదిలిన నేలకు ఫీజు రాదు. పైన రాసిన సలహాలన్నిటికీ అదే కారణం.