లైటు వెలుగుతోంది కదా సార్!

పండగ సేలు మొదలైతే చాలు, మన ఇంటి టీవీ ప్రాణం మీద ఊరందరికీ ఎక్కడలేని బెంగ పుట్టుకొస్తుంది. ఆ రీళ్లు మీరూ చూసే ఉంటారు. పన్నెండు సాకెట్ల స్పైక్ గార్డు, దానికి నాలుగు యూఎస్‌బీ రంధ్రాలు, వెనక ఉరుములు మెరుపులు, ముందు నవ్వుతూ ఓ కుర్రాడు. పిడుగు పడినా మీ టీవీకి ఏమీ కాదట. ధర మూడొందల చిల్లర. పిడుగులో పారే కరెంటు మామూలుగానే 30,000 ఆంపియర్ల దాకా ఉంటుంది. దాన్ని మూడొందలకు ఆపగలిగిన మహానుభావుడు రీళ్లు చేసుకుంటూ కూర్చోవడం దేశానికి తీరని నష్టం. సబ్‌స్టేషన్లలో అన్నేసి లైట్నింగ్ అరెస్టర్లు బిగించుకుని, వాటికి ఎర్తు గుంతలు తవ్వించుకుంటున్న కరెంటు శాఖ వాళ్లు వెంటనే ఈయనకో శాలువా కప్పి, ఆ అరెస్టర్లన్నీ పీకేసి పాత ఇనుముకు వేసేయొచ్చు.

ప్యాకెట్టు మీద చూడండి: 2500 వాట్లు. గోడకు గుచ్చే టాపు చూడండి: 6 ఆంపియర్ల చిన్న త్రీపిన్ను. ఆరును 230తో గుణిస్తే 1380. మిగతా 1120 వాట్లు ఏ దారిన వస్తాయో తయారుచేసినవాడికే తెలియాలి. ఆ 2500 నమ్మి ఎవరో ఇల్లాలు 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి దానికే పెడుతుంది. ప్లాస్టిక్కు మెత్తబడుతుంది. వారంటీ కార్డు తీసి చూస్తే, కాలిన సరుకుకు వారంటీ వర్తించదని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

కరెంటు బిల్లు సగం చేస్తానని ప్లగ్గులో గుచ్చించుకునే పవర్ సేవర్ గురించి ఒక్క మాట చాలు: అందులో ఉండేది ఒక కెపాసిటరు, ఒక లైటు, మన ఇంటి మీటరు లెక్కపెట్టేది యూనిట్లను, వాటిని ఆ కెపాసిటరు తగ్గించలేదు కాబట్టి బిల్లు తగ్గదు.

నాకు ఒళ్లు మండేది ఒక ఎర్రలైటు దగ్గర.

స్పైక్ గార్డు మీద ఓ మూల చిన్న ఎర్రలైటు ఉంటుంది. పక్కన 'ప్రొటెక్టెడ్' అనో, 'సర్జ్' అనో అచ్చేసి ఉంటుంది. చవక బోర్డుల్లో ఆ లైటు ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య కట్టిన మామూలు ఇండికేటరు. కరెంటు ఉంటే వెలుగుతుంది, పోతే ఆరుతుంది. కరెంటు ఉందో లేదో తెలుసుకోవడానికి మనకు ఫ్యాను ఉంది.

రక్షణ అనే పని చేయాల్సింది లోపల ఉండే చిన్న బిళ్ల. ఎంఓవీ అంటారు, మెటల్ ఆక్సైడ్ వేరిస్టర్. జింక్ ఆక్సైడ్‌తో చేస్తారు. వోల్టేజీ హద్దులో ఉన్నంతసేపూ కదలకుండా పడి ఉంటుంది. ఒక్కసారి ఎగిసిందా, ఆ దెబ్బను తనలోంచి లాగేసుకుని టీవీని కాపాడుతుంది. కాకపోతే పెద్ద దెబ్బ తిన్న ప్రతిసారీ కొంత అరిగిపోతుంది. అరిగి అరిగి, మామూలు 230 దగ్గర కూడా కరెంటును కారనివ్వడం మొదలుపెడుతుంది. కారేకొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ ఇంకా కారుతుంది. ఆ తర్వాత పొగ. అందుకే బిళ్లను ఆనుకుని ఒక థర్మల్ ఫ్యూజు ఉండాలి, వేడి ముదిరేలోగా బిళ్లను కరెంటు నుంచి తప్పించడానికి. అమెరికాలో యూఎల్ 1449 ప్రమాణం 1998 నుంచి ఈ విషయంలో పట్టు బిగించింది. మన మూడొందల బోర్డులో ఆ ఫ్యూజు ఉందో లేదో చెప్పే అక్షరం ప్యాకెట్టు మీద ఎక్కడా కనబడదు. అసలు బిళ్ల ఉందో లేదో కూడా కనబడదు.

ఇక మన ఎర్రలైటు సంగతి. బిళ్ల బతికి ఉన్నా వెలుగుతుంది. చచ్చి తెగిపోయినా వెలుగుతుంది. ఫ్యాక్టరీలో బిళ్ల పెట్టడమే మరిచిపోయినా, పెట్టకుండా రెండు రూపాయలు మిగుల్చుకున్నా వెలుగుతుంది. వాచ్‌మన్ పోయి ఏడాదైనా గేటుకు అతని టోపీ వేలాడుతోందని నిశ్చింతగా పడుకునే అపార్టుమెంటు మనది. దసరాకు బీరువాతో పాటు దీనికీ కుంకుమ బొట్టు పెడతాం కూడా.

కొట్లో అడిగి చూశాను. "లోపల ఎంఓవీ ఉందా బాబూ?" అన్నాను. అతను బోర్డును ప్లగ్గులో గుచ్చి, స్విచ్చి వేసి, నాకేసి జాలిగా చూశాడు. "లైటు వెలుగుతోంది కదా సార్!" అన్నాడు. థర్మల్ ఫ్యూజు గురించి అడిగితే ఇంకో రంగు బోర్డు చూపించాడు. దానికి లైటు పచ్చగా ఉంది.

కాస్త ఖరీదు పెడితే, బిళ్ల తెగినప్పుడు ఆరిపోయేలా కట్టిన లైటున్న బోర్డులూ దొరుకుతాయి. అలాంటిది ఆరిపోతే మనమేం చేస్తాం? "బల్బు పోయిందిలే, ప్లగ్గులు పనిచేస్తున్నాయి" అని మరో పదేళ్లు వాడతాం. అబద్ధం చెప్పే లైట్లు వందల్లో అమ్మి జనాన్ని అలవాటు చేశాక, నిజం చెప్పే లైటును మాత్రం ఎవరు నమ్ముతారు?

ఇక్కడితో నవ్వు ఆగిపోతుంది. గాలివాన వెలిశాక మన ఊళ్లలో జరిగేది అందరికీ తెలుసు. స్తంభం మీద న్యూట్రల్ తెగుతుంది. కొన్ని ఇళ్లలో 230 కాస్తా 400 వైపు ఎగబాకుతుంది. వీధి వీధంతా టీవీలు, ఫ్రిజ్‌లు పోతాయి. ఆ బిళ్ల తట్టుకోగలిగింది సెకనులో లక్షో వంతు ఉండే దెబ్బను. 275, 300 వోల్టులకు చేసిన బిళ్ల మీద లైన్‌మన్ వచ్చేదాకా 400 వోల్టులు కూర్చుంటే అది కాలడం తప్ప చేయగలిగిందేమీ లేదు. ఫ్యూజు లేకపోతే ఇంట్లో ముందు అంటుకునేది ఈ కాపలాదారే. అదీ ఎక్కడ? టీవీ వెనక, కర్టెన్ పక్కన, దుమ్ములో. దీనికి తోడు మూడో పిన్ను. ఎన్నో ఇళ్లలో దాని వెనక ఎర్తింగు తీగే ఉండదు. కట్టిన మేస్త్రీకి అక్కర్లేదు, కొన్న మనకు తెలియదు.

మర్నాడు పేపర్లో రెండు వాక్యాలు. షార్ట్ సర్క్యూట్ కారణంగా మంటలు. షార్ట్ సర్క్యూట్‌కు ఇంటిపేరు లేదు, కంపెనీ లేదు, సమన్లు పంపడానికి అడ్రసు లేదు. ఎంత సుఖమైన ముద్దాయి! ఎవడో బిళ్ల దగ్గర, ఫ్యూజు దగ్గర, తీగ మందం దగ్గర మిగుల్చుకున్న పదిహేను రూపాయలకు ఒక కుటుంబం నిద్రలో పొగ పీలుస్తుంటే, మనం దాన్ని ప్రమాదం అంటున్నాం.

2013 అక్టోబరులో అమెరికాలో ష్నైడర్ ఎలక్ట్రిక్ సంస్థ ఏపీసీ పేరుతో అమ్మిన 7, 8 సిరీస్ సర్జ్ ప్రొటెక్టర్లను వెనక్కి పిలిచింది. కోటీ యాభై లక్షల బోర్డులు. వేడెక్కి కరిగాయని 700 ఫిర్యాదులు, 13 మందికి గాయాలు, ఒక్క ఇంట్లోనే 9,16,000 డాలర్ల ఆస్తినష్టం. అవి 2003కు ముందు తయారైనవి. అంటే పదేళ్లు దాటాక కూడా పేరున్న కంపెనీ తన సరుకుకు జవాబు చెప్పాల్సి వచ్చింది. అక్కడ వెనక్కి పిలవడానికి ఒక కంపెనీ ఉంది. ఇక్కడ ప్యాకెట్టు మీద ఉన్న పేరు వచ్చే పండగ సేలుకు మారిపోతుంది.

చట్టం లేక కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రమాదకరమైన సరుకును వెనక్కి రప్పించే అధికారాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు ఇచ్చింది. తప్పుడు ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా వేసే వీలూ ఇచ్చింది. 2025 మార్చిలో ప్రమాణాల సంస్థ బీఐఎస్ అధికారులు ఆన్‌లైన్ దుకాణాల గోదాముల మీద పడి ధ్రువీకరణ లేని గీజర్లు, మిక్సీలు పట్టుకున్నారు. పిడుగుల్ని ఆపే బోర్డుల వంతు ఎప్పుడో వాళ్లు చెప్పాలి. బోర్డు మీద ఐఎస్ఐ ముద్ర ఉన్నా, అది ఐఎస్ 1293 కింద ఇచ్చినదైతే ప్లగ్గుకూ సాకెట్టుకూ మాత్రమే పూచీ. లోపలి బిళ్లకు కాదు.

కొనేవాళ్లకు నా మాట ఇది. గీజరు, ఇండక్షన్ పొయ్యి, ఐరన్ బాక్సు గోడకున్న 16 ఆంపియర్ల సాకెట్టుకే పెట్టండి. ఎలక్ట్రీషియన్ను పిలిచి ముందు ఎర్తింగు చూపించండి. ఐఎస్ఐ ముద్ర కింది లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. బిల్లు లేకుండా కొనకండి. వేడెక్కిన బోర్డును పీకేశాక చెత్తబుట్టలో పడేయకండి. ఫొటో తీసి, బిల్లు దగ్గర పెట్టుకుని, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు రాయించండి.