ముల్లు మొగ్గిన వైపు

నేను కాంటాను. ఉస్మాన్‌గంజ్‌లో ఓ కిరాణా దుకాణం గడప దగ్గర వేలాడుతుంటాను. రెండు పళ్లేలు, పైన ఇనుప దండె, నడుమ ఒక ముల్లు: ఇదే నా ఒళ్లు. సేర్లు, మణుగులు పోయి కిలోలు వచ్చిన రోజుల్లో పుట్టాను. నన్ను కొన్న పెద్ద సేటు ఇప్పుడు లేడు. ఆయన మనవడు బల్ల మీద అంకెలు మెరిసే కాంటా పెట్టుకున్నాడు. కరెంటు పోతేనే నేను గుర్తొస్తాను.

ఈ గంజ్‌లో ఏ సరుకు నిలిచిందో, ఏది జారిందో నా పళ్లేలనడగండి. మొదట్లో పచ్చజొన్నలు, తెల్లజొన్నలు బస్తాలకు బస్తాలు దిగేవి. ఆడవాళ్లు దోసెడు తీసి, ఉఫ్ఫని ఊది, ఒక గింజ పంటి కింద వేసి కొరికి చూసేవారు. టక్కుమంటేనే రొట్టెకు పనికొచ్చినట్టు. నూకను గటకకు అడిగేవారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదింట్లో పండగనాటి అన్నం రోజూ ఉడికింది. దాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. కానీ నా దగ్గర జొన్న బేరం పలచబడింది.

ఇప్పుడు మళ్లీ అడుగుతున్నారు, అదీ షుగరొచ్చాక, డాక్టరు చెప్పాక. అప్పట్లో కూలివాళ్ల తిండి. ఇప్పుడు అందమైన ప్యాకెట్లో కూర్చుని కూలివాడికే అందని ధర పలుకుతోంది.

అలాగని జొన్న ఒక్కటే అమృతమంటే ఒప్పుకోను. మా ఊరి సంగతే చెబుతా. 1958లో కూనూరు నుంచి పోషకాహార పరిశోధన సంస్థ హైదరాబాద్‌కు తరలివచ్చింది. తార్నాకలోని నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే. జొన్నే తిని బతికే బీదవాళ్లకు మెడ మీద, చేతుల మీద ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పొరలు లేచే పెల్లాగ్రా రావడం అక్కడి డాక్టర్ గోపాలన్ బృందం గమనించింది. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడం ఒక కారణమని 1960లో రాశారు. జొన్న చెడ్డదని కాదు. పక్కన పప్పు, ఆకుకూర, పాలచుక్క లేని ఏ గింజైనా అంతే. ఒక పళ్లెంతో తూకం కుదరదని నాకంటే ఎవరికి తెలుసు?

మొన్న కరెంటు పోయినప్పుడు ఒక అంగన్‌వాడీ టీచరమ్మ వచ్చింది. తల్లులకు వండి చూపించడానికి రాగులు, పల్లీలు, బెల్లం తూయించింది. వెంట ఒక బాలింత.

"నూరు గ్రాముల రాగుల్ల 360 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటదమ్మా. పాలిష్ బియ్యంల పది గూడ ఉండది," అంది టీచరమ్మ.

"నిజమే అక్కా. గని బియ్యం పుక్యానికి వస్తుంటే ఇవి పైసలు వెట్టి ఎట్ల కొనాలె?"

టీచరమ్మ నా ముల్లు వంక చూసింది. "వారంల రెండు రోజులన్న..." అని ఆగిపోయింది.

పాఠం తప్పు కాదు. పాఠం విన్నవాళ్లకు సరుకు అందాలి కదా! 2013 నాటి ఆహార భద్రతా చట్టంలో బియ్యం మూడు రూపాయలు, గోధుమలు రెండు, జొన్న, రాగిలాంటి ముతక ధాన్యాలు ఒక్క రూపాయి అని రాశారు. తర్వాత ఆ డబ్బూ తీసేశారు. అయినా మన దగ్గర రేషనంటే బియ్యమే. పక్కన కర్ణాటకలో రాగులు, జొన్నలు రేషన్లో ఇస్తున్నారు. అంత దూరమెందుకు, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు 1990ల్లోనే బీడు భూములు దున్ని, పండిన జొన్నలు ఊళ్లోనే నిలవజేసి, పేదలకు తక్కువ ధరకు తూచి ఇచ్చారు. దళిత స్త్రీలే ఎక్కువమంది. ఏ ఇంటికి ఎంతివ్వాలో కూడా వాళ్లూళ్లోనే తేల్చుకున్నారు.

రేషన్ దుకాణంలో కాంటా నాకు చుట్టమే. నెలకు రెండు కిలోల జొన్నలు, ఒక కిలో కందిపప్పు దాని మీదా పెట్టించండి, సర్కారు సార్లూ. ఆ బాలింత అడిగినదానికి టీచరమ్మ దగ్గర జవాబు లేదు; ఇవ్వాల్సింది మీరే.